అయస్కాంతం మందుని పిలవగలదా?

పోయిన ఎపిసోడ్‌లో ఎంఆర్ఐ యంత్రం లోపల ఏం జరుగుతుందో చెప్పుకున్నాం. ఈరోజు కూడా అయస్కాంతం గురించే మాట్లాడుకుందాం. ఒక తమ్ముడు పంపిన మెసేజ్ వల్ల ఈ విషయం ఎత్తుకున్నాను.

అతని పేరు, ఊరు చెప్పను. విషయం చెప్పండి గానీ పేరు మాత్రం వద్దన్నాడు. వాళ్ళ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్. కీమో మూడు విడతలు అయ్యాయి. మూడోది అయ్యాక ఆవిడ బాగా నీరసించిపోయి, నోరంతా పూసి, "ఇంక నావల్ల కాదురా, నాలుగోది వద్దు" అన్నారట. సరిగ్గా అదే వారం బంధువులెవరో వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. అందులో నల్లటి చుక్కలు రక్తంలో ఈదుకుంటూ వెళ్ళి, బయట అయస్కాంతం పెట్టిన చోట గుమిగూడి, కణితిని కరిగించేస్తాయి. జుట్టు ఊడదు, వాంతులు ఉండవు అని కింద రాసి ఉంది. "సార్, ఇది ఎక్కడ చేస్తారు? ఇది దొరికేదాకా కీమో ఆపితే ఏమవుతుంది?" అని అడిగాడు.

ఆ రాత్రే ఫోన్ చేసి అతనికి ఒక్క మాట చెప్పాను. డాక్టర్ని అడక్కుండా కీమో ఆపొద్దు. మిగతాది ఇవాళ మీ అందరికీ చెప్తాను. ఎందుకంటే ఆ వీడియోలో ఉన్నది పూర్తి అబద్ధం కాదు. పూర్తి అబద్ధమైతే రెండు నిమిషాల్లో తేల్చేయొచ్చు. ఇది నిజమైన సైన్సు, దాదాపు యాభై ఏళ్ళుగా మంచి మంచి ప్రయోగశాలల్లో నడుస్తున్న పని. మరి మన ఆస్పత్రుల్లో ఎందుకు లేదు? అది అర్థమైతే రేపు ఇలాంటి వీడియో ఇంకొకటి వచ్చినా మీరే తేల్చుకోగలరు.

కీమో ఎందుకంత బాధ పెడుతుంది?

మా అక్కకి పన్నెండేళ్ళ కిందట ఇదే జబ్బు వచ్చింది. డాక్సోరూబిసిన్ అని ఎర్రటి మందు ఎక్కించేవారు. దానిమ్మ రసంలా ఉంటుంది చూడడానికి. మొదటి విడత అయిన రోజు బాత్రూంలో మూత్రం ఎర్రగా కనబడి, రక్తం పోతోందనుకుని ఒకటే ఏడుపు. అది మందు రంగే, కంగారు పడొద్దని ముందు ఎవరూ చెప్పలేదు. రెండు వారాలకి దువ్వెనలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది.

ఎందుకిలా జరుగుతుంది? క్యాన్సర్ కణం చేసే ముఖ్యమైన తప్పు ఆగకుండా విభజన చెందడం. కీమో మందుల్లో చాలావరకు అలా విభజన చెందే కణాలనే దెబ్బ కొడతాయి. కానీ మన ఒంట్లో న్యాయంగా విభజన చెందే కణాలు కూడా ఉన్నాయి. జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, పేగు గోడ, ఎముక మూలుగలో రక్తం తయారుచేసే కణాలు. మందుకి మంచివాళ్ళెవరో చెడ్డవాళ్ళెవరో తెలియదు. ఒళ్ళంతా తిరిగే రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. ఈ ఎర్రమందు గుండె కండరాన్ని కూడా దెబ్బ తీస్తుంది. అందుకే జీవితం మొత్తంలో ఇంతకు మించి ఇవ్వకూడదని ఒక హద్దు పెట్టారు. శరీర ఉపరితలం చదరపు మీటరుకి సుమారు 450 నుంచి 550 మిల్లీగ్రాములు. క్యాన్సర్ ఇంకా మిగిలి ఉన్నా సరే, ఆ హద్దు దగ్గర డాక్టర్ చెయ్యి ఆగిపోవాల్సిందే.

ఈ కథ మొదట్నుంచీ ఉన్నదే. 1947, 48 ప్రాంతంలో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చారు. ఆ మందు తయారైన లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. కొంతమంది పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అప్పటిదాకా అది ఎవరూ ఊహించని సంగతి. ఆ పిల్లలకి కూడా నోరు పూసింది. మందు గురి పెట్టింది ఒకచోట, తగిలింది పదిచోట్ల.

దీనికి ముందే, గత శతాబ్దం మొదట్లో జర్మనీలో పాల్ ఎర్లిహ్ అనే శాస్త్రవేత్త ఒక కల కన్నాడు. ఒంట్లో ఇంకెవర్నీ తాకకుండా రోగకారకాన్ని మాత్రమే కొట్టే మందు కావాలి. దాన్ని ఆయన మంత్రపు తూటా అన్నాడు. మందుకి అయస్కాంతం తగిలించే ఆలోచన ఆ కలకి మనవరాలు లాంటిది.

ఆలోచన ఏంటంటే

సూదంటురాయి అనే మాట మీ ఇంట్లో పెద్దవాళ్ళు వాడుతుంటారు. సూదిని అంటుకునే రాయి. దాని శాస్త్రీయ నామం మ్యాగ్నటైట్. మూడు ఇనుము పరమాణువులు, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన పదార్థం. చిన్నప్పుడు అయస్కాంతం ముక్కకి దారం కట్టి ఇసుకలో ఈడ్చుకుంటూ తిరిగేవాళ్ళం గుర్తుందా? దానికి గడ్డంలా అంటుకునే నల్లరజనులో ఉండేది చాలావరకు ఇదే.

ఇప్పుడు ఆ సూదంటురాయిని ప్రయోగశాలలో రసాయనికంగా, అతి చిన్న కణాలుగా తయారు చేస్తారు. ఎంత చిన్నవి? పది నానోమీటర్లు అనుకోండి. మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఎర్ర రక్తకణం వెడల్పు ఏడెనిమిది వేలు. అంటే ఎర్ర రక్తకణం ఒక బస్సు పొడవంత అయితే, ఈ కణం ఒక గోళీ అంత, అంతే.

ఈ కణం మీద ఒక తొడుగు వేస్తారు. డెక్స్‌ట్రాన్ అనే చక్కెర లాంటి పదార్థమో, పాలిథిలీన్ గ్లైకాల్ అనే పాలిమరో. ఆ తొడుగుకి మందు అణువులు తగిలిస్తారు. లోపల సూదంటురాయి, పైన తొడుగు, దానికి మందు. రక్తంలోకి ఎక్కించి, కణితి ఉన్నచోట ఒంటి పైన బలమైన అయస్కాంతం పెడతారు. ఆలోచన ఇంతే.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. అయస్కాంతం ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి కదా, రక్తనాళంలో ముద్దకట్టి అడ్డుపడితే? మంచి ప్రశ్న. చిన్నగా చేయడంలో ఉన్న అందం ఇక్కడే ఉంది. మ్యాగ్నటైట్ కణం సుమారు ఇరవై, ముప్ఫై నానోమీటర్ల కంటే చిన్నదైతే, దాని అయస్కాంత దిశ ఒకచోట నిలవదు. ఒంటి వేడికే అటూ ఇటూ దొర్లిపోతూ ఉంటుంది. మొత్తం మీద చూస్తే అది అయస్కాంతం కానట్టే. బయట నుంచి అయస్కాంతం చూపిస్తే మాత్రం వెంటనే అటు తిరిగి నిలబడుతుంది. తీసేస్తే మళ్ళీ మామూలే. బెత్తం పట్టుకుని మాస్టారు వస్తే వరసలో నిలబడి, వెళ్ళిపోగానే చెల్లాచెదురయ్యే పిల్లల్లాగ. దీన్ని సూపర్ పారామాగ్నటిజం అంటారు. దీనికి సిద్ధాంతం 1949లో ఫ్రాన్సుకి చెందిన లూయీ నీల్ ఇచ్చాడు. అయస్కాంతత్వం మీద ఆయన చేసిన పనికి 1970లో నోబెల్ కూడా వచ్చింది. ముద్దకట్టే భయం చాలావరకు దీనితో తీరింది.

కానీ ఇదే గుణం ఇంకో చిక్కు తెచ్చింది. అయస్కాంతం లాగే బలం కణం ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. కణం వ్యాసం సగం చేస్తే బలం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. పది నానోమీటర్ల కణాన్ని పారే రక్తంలో లాగడమంటే గోదావరిలో కొట్టుకుపోయే ఆవగింజని ఊదుతూ ఒడ్డుకి చేర్చడం. అందుకే అలాంటివి చాలా కలిపి వంద నానోమీటర్ల ఉండలుగా చేస్తారు. లోపల ప్రతి కణం చిన్నదే, ఉండ మాత్రం పెద్దది. కొంత బలం వస్తుంది.

ఒక చిన్న ప్రయోగం

ఇప్పుడు బల్ల మీద ఉన్నది చూడండి. వీడియో చూడకుండా చదువుతున్నవాళ్ళ కోసం మాటల్లో చెప్తాను. ఇది మెడికల్ షాపులో దొరికే సెలైన్ గొట్టం. పై సీసాలో నీళ్ళు, అందులో మెత్తగా నూరిన నల్లరజను కలిపాను. కింద గిన్నె. గొట్టం పక్కన పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం. ఇది నానో కణం కాదు, దానికంటే ఎన్నో వేల రెట్లు పెద్దది. అయినా సంగతి అర్థమవుతుంది.

మొదట చక్రం బిగించి చుక్కలు చుక్కలుగా వదులుతున్నాను. అయస్కాంతం గొట్టానికి ఆనించి ఉంది. చూశారా, గోడకి నల్లగా పేరుకుంటోంది. ఇప్పుడు చక్రం పూర్తిగా తిప్పేశాను. ధార పెరిగింది. పేరుకున్నదాంట్లో సగం కొట్టుకుపోయింది. ఇప్పుడు మళ్ళీ నెమ్మదిగా వదిలి, గొట్టానికీ అయస్కాంతానికీ మధ్య ఈ లావుపాటి పుస్తకం పెడుతున్నాను. నాలుగు వేళ్ళ మందం ఉంటుంది. ఏమీ ఆగలేదు, గిన్నెలోకి పోతోంది.

ఇంకోటి గమనించండి. పై సీసాలో ఉన్న రజను ఒక్కటైనా అయస్కాంతం కోసం తొందరపడి కిందికి వచ్చిందా? లేదు. నీళ్ళు తెచ్చినంత సేపు వచ్చాయి, పక్కనుంచి పోతున్నప్పుడు కొన్ని ఆగాయి. ఈరోజు ఎపిసోడ్ మొత్తంలో గుర్తు పెట్టుకోవాల్సింది ఇదొక్కటే. అయస్కాంతం మందుని పిలవదు. తన పక్కనుంచి పోయేదాన్ని, నెమ్మదిగా పోతుంటే, ఆపుతుంది. వాట్సాప్ వీడియోలో చుక్కలు ఈదుకుంటూ వెళ్తాయే, అక్కడే బొమ్మ తప్పు దారి పట్టించింది.

మనిషి ఒంట్లో అడ్డం వచ్చేవి

మొదటిది దూరం. చిన్న అయస్కాంతం నుంచి కాస్త దూరం వెళ్ళాక దాని క్షేత్రం దూరం ఘనంతో తగ్గుతుంది. లాగే బలం ఇంకా వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపు చేస్తే, కణాలు పూర్తిగా అయస్కాంతత్వం పట్టి ఉన్నా సరే, బలం పదహారో వంతే మిగులుతుంది. అయితే భూతద్దంతో ఎండని ఒకచోట పోగేసినట్టు, చుట్టూ అయస్కాంతాలు పెట్టి లోపల మధ్యలో ఒక బిందువు దగ్గర బలం పోగేయలేమా? లేము. బయట పెట్టిన స్థిరమైన అయస్కాంతాలతో ఖాళీ చోటు మధ్యలో క్షేత్రం అన్నిటికంటే ఎక్కువ ఉండే బిందువు తయారవదు. ఎప్పుడూ అంచు దగ్గరే, అంటే అయస్కాంతం వైపు చర్మం దగ్గరే ఎక్కువ. దీని మూలం 1842 నాటి ఎర్న్‌షా సిద్ధాంతంలో ఉంది. ఇది డబ్బు పెడితే తీరే చిక్కు కాదు, ప్రకృతి నియమం.

రెండోది వేగం. కేశనాళికల్లో రక్తం సెకనుకి ఒక మిల్లీమీటరు లోపే కదులుతుంది. అక్కడ కణాన్ని ఆపొచ్చు. గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిలో సెకనుకి పదుల సెంటీమీటర్లు. అక్కడ కష్టం.

మూడోది కాలేయం. ఇది ఒంటికి కావలివాడు. రక్తంలో కొత్త కణం కనబడితే కాలేయంలోని కుప్ఫర్ కణాలు, ప్లీహంలోని కణాలు గబుక్కున మింగేస్తాయి. మన ఒంట్లో రక్తం దాదాపు నిమిషంలో ఒక చుట్టు తిరిగొస్తుంది. ప్రతి చుట్టులోనూ కొంత రక్తం కాలేయం గుండా పోవాల్సిందే. మరీ చిన్నవైతే, ఐదారు నానోమీటర్ల లోపువి, మూత్రపిండాలు వడగట్టి పారేస్తాయి. పైన తొడుగు వేసేది ఈ కావలివాళ్ళ కళ్ళు కప్పడానికే. తొడుగు కొంతసేపు కప్పగలదు, ఎప్పటికీ కాదు.

మరి కణితి దాకా చేరేది ఎంత? 2016లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు అంతకుముందు పదేళ్ళలో జంతువుల మీద జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి లెక్క కట్టారు. అయస్కాంతం ఉన్నవీ లేనివీ, అన్ని రకాల నానో కణాలూ. ఎక్కించిన మోతాదులో కణితికి చేరింది, మధ్యస్థ విలువ చూస్తే, 0.7 శాతం. వెయ్యి పంపితే ఏడు. ఈ లెక్క కట్టే పద్ధతి మీద వాదనలు జరిగాయి. అయినా ఆ సంఖ్య చూసి ఈ రంగంలో ఉన్నవాళ్ళంతా ఒకసారి ఆగి ఆలోచించారు.

ఎలుక తోక నుంచి మనిషి దాకా

ఇప్పుడు చరిత్ర చెప్తే మీకే అర్థమైపోతుంది. 1970ల చివర్లో అమెరికాలో విడ్డర్, సెన్యై అనే పరిశోధకులు ప్రోటీన్ ఉండల్లో మ్యాగ్నటైట్‌నీ, ఇందాక చెప్పిన ఎర్రమందునీ కలిపి ఎలుకలకి ఎక్కించారు. అయస్కాంతం ఎక్కడ పెట్టారనుకుంటున్నారు? తోక దగ్గర. ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. ఎందుకు రావు? తోక మందం ఎంత, అయస్కాంతం ఎంత దగ్గర? నేను గొట్టానికి ఆనించిపెట్టినట్టే కదా. వాళ్ళ పనిని తక్కువ చేయడం లేదు, దారి వేసింది వాళ్ళే. కానీ తోక మీద గెలిస్తే పొట్ట లోపల గెలిచినట్టు కాదు.

1996లో జర్మనీ వైద్యులు మనుషుల మీద చేసిన మొదటి ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. జబ్బు బాగా ముదిరి, మామూలు వైద్యం పనిచేయని 14 మంది. ఎపిరూబిసిన్ అనే మందుని అయస్కాంత ద్రవానికి తగిలించి ఎక్కించారు. పెద్దగా హాని జరగలేదు. కణాలు కణితి దగ్గరికి చేరాయని చూపించగలిగింది సుమారు సగం మందిలో. మిగతా సగం మందిలో అనుకున్న చోటికి చేరలేదు. మొదటి ప్రయోగానికి అది మంచి ఫలితమే. ఆ తర్వాత అమెరికాలో ఒక సంస్థ ఇనుము, కార్బన్ కలిసిన కాస్త పెద్ద కణాలతో కాలేయ క్యాన్సర్ మీద ప్రయత్నించింది. చాలా ఆశ పెట్టుకున్నారు. అనుకున్న ఫలితం వచ్చేలా లేదని 2004లో ఆ ప్రయోగం ఆపేశారు.

తమ్ముడు ఇక్కడే ఒక ప్రశ్న అడిగాడు. "సార్, అమ్మది పైనే కదా ఉంది, చర్మం కిందే. దూరం లేదు కదా?" నిజంగా పదునైన ప్రశ్న. దీనికి జవాబు ఇంజనీరింగ్‌లో లేదు, వైద్యంలో ఉంది. రొమ్ములో కనబడే గడ్డని తీసేయడానికి సర్జన్ ఉన్నాడు. అంత తీసేశాక కూడా, లేదా తీసే ముందు కూడా, కీమో ఎందుకిస్తారు? కంటికీ స్కానుకీ దొరక్కుండా కొన్ని కణాలు అప్పటికే ఎముకలకో, ఊపిరితిత్తులకో జారిపోయి ఉండొచ్చు అని. ఎక్కడ ఉన్నాయో తెలియనివాటికి అయస్కాంతం ఎక్కడ పెడతాం? మందు ఒళ్ళంతా తిరగడం దాని లోపం అనుకున్నాం ఇందాక. ఒక్కోసారి అదే దాని డ్యూటీ. మా అక్కకి ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ ఆరు విడతలు కొంచెం తక్కువ కోపంతో గడిచేవని ఇప్పటికీ అంటుంది.

మరి ఇదంతా వృథాయేనా?

కాదు. అయస్కాంతం దగ్గరగా వెళ్ళగలిగిన ప్రతిచోటా ఈ సైన్సు పనికొచ్చింది. కొన్ని నిజమైన ఉదాహరణలు చెప్తాను.

ఒకటి. ఐరన్ ఆక్సైడ్ నానో కణాలే ఫెరుమాక్సిటాల్ అనే పేరుతో రక్తహీనతకి ఇంజక్షన్‌గా అమెరికాలో 2009లో అనుమతి పొందాయి. ఒక్కో మోతాదులో 510 మిల్లీగ్రాముల ఇనుము. కాలేయం కణాల్ని మింగేస్తుందని ఇందాక తిట్టుకున్నాం కదా, ఇక్కడ అదే కావాలి. మింగి, అరిగించి, ఇనుముని ఒంటి నిల్వల్లో కలుపుతుంది. అక్కడి నుంచి హిమోగ్లోబిన్‌కి. దీనివల్ల కొందరికి తీవ్రమైన ఎలర్జీ రావచ్చని 2015లో గట్టి హెచ్చరిక కూడా పెట్టారు. నానో అంటే ప్రమాదం లేనిది అని కాదు, గుర్తుంచుకోండి.

రెండు. రొమ్ము క్యాన్సర్ సర్జరీలో, చంకలో ఏ లింఫు గ్రంథిని ముందుగా పరీక్షించాలో కనిపెట్టడానికి ఇలాంటి కణాల ద్రవాన్ని రొమ్ములోకి ఎక్కిస్తారు. తర్వాత అయస్కాంత సంకేతాన్ని పట్టే పరికరంతో ఆ గ్రంథిని వెతుకుతారు. మాగ్‌ట్రేస్ అనే ఇలాంటి ద్రవానికి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది మందు మోయదు, దారి చూపిస్తుంది.

మూడు. జర్మనీలో మెదడు కణితి ఉన్న రోగులకి కణాల్ని రక్తంలో కాకుండా నేరుగా కణితిలోకే ఎక్కించి, బయట నుంచి సెకనుకి లక్షసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రం పెట్టి, ఆ కణాల్ని వేడెక్కించారు. రేడియేషన్‌తో కలిపి ఇచ్చే ఈ వైద్యానికి 2010లో యూరప్‌లో అనుమతి వచ్చింది. ఇందులో అయస్కాంతానికి కణాల్ని లాగే పనే లేదు, అవి ముందే అక్కడ ఉన్నాయి. అది చేసేది వేడి చేయడం.

నాలుగు. 2025లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్ళు ఐరన్ ఆక్సైడ్ కణాలు నింపిన చిన్న జెల్ గుళికని పందుల్లో, గొర్రెల్లో నడిపించి చూపించారు. దాన్ని మొదట సన్నటి కెథటర్ గొట్టంతో గమ్యం దగ్గరదాకా తీసుకెళ్ళి వదులుతారు. అక్కడి నుంచి చివరి కాస్త దూరం అయస్కాంతాలతో నడిపిస్తారు. ఎక్స్‌రేలో దాని దారి కనబడుతుంది. చేరాక క్షేత్రంతో వేడి చేస్తే గుళిక కరిగి మందు వదులుతుంది. పక్షవాతం తెచ్చే రక్తపు గడ్డని కరిగించడం లాంటివి వాళ్ళ లక్ష్యం. గమనించారా? ముందు గొట్టంతో దగ్గరికి వెళ్ళడం, తర్వాతే అయస్కాంతం. యాభై ఏళ్ళ అనుభవం నేర్పింది ఇదే.

సుశ్రుత సంహితలో కూడా ఒంట్లో దిగిన ఇనుప ముక్కని తీసే పద్ధతుల్లో అయస్కాంతం ఒకటి. కానీ అక్కడే షరతులున్నాయి. ముక్క గట్టిగా ఇరుక్కోకుండా ఉండాలి, గాయం నోరు వెడల్పుగా ఉండాలి. దీన్ని పట్టుకుని మనవాళ్ళకి నానో టెక్నాలజీ అప్పుడే తెలుసు అని కామెంట్ పెట్టకండి, దయచేసి. నేను చెప్పేది వేరు. అయస్కాంతం ఎక్కడ పనిచేయదో కూడా రాసిపెట్టారు చూడండి, ఆ నిజాయితీ నచ్చింది నాకు.

ఇప్పుడు ఏం చేయాలి?

తమ్ముడికి చెప్పినవే మీకూ చెప్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ఫార్మసీ విద్యార్థులకి పాఠాలు చెప్పేవాణ్ణి. అందుకే ఇవి సలహాలు కావు, మీ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు.

కీమో బాధ తట్టుకోలేకపోతున్నారంటే, ఆపడం కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. వాంతుల మందు మార్చొచ్చా? తెల్ల రక్తకణాలు పెరగడానికి ఇంజక్షన్ ఇస్తారా? మోతాదు తగ్గించి వారం వారం ఇచ్చే పద్ధతి ఈ రోగికి సరిపోతుందా? నోటి పూతకి ఏం వాడాలి? ఎర్రమందునే కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చే రకం ఒకటుంది, 1995లోనే అమెరికాలో అనుమతి పొందింది. అది కూడా నానో వాహనమే, అయస్కాంతం లేదంతే. గుండె మీద భారం తగ్గిస్తుంది, దాని ఇబ్బందులు దానికున్నాయి. హెర్2 పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్ళకి, యాంటీబాడీకి మందు తగిలించి పంపే రకాలు కూడా వచ్చాయి. అవి కణం మీది గుర్తుని పట్టుకుంటాయి. ఎర్లిహ్ కలకి ఇప్పటివరకు బాగా దగ్గరగా వచ్చినవి నా లెక్కలో ఇవే. అందరికీ పనికిరావు, ఖరీదు కూడా ఎక్కువే. కానీ అడగడానికి ఖర్చు లేదు.

ఇక ఎవరైనా మా దగ్గర అయస్కాంత నానో వైద్యం ఉంది అంటే, రెండే ప్రశ్నలు. దీనికి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఎంత? ఆ రిజిస్ట్రీ ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రెండోది, ఇంకా ప్రయోగ దశలో ఉన్న మందుకి నా దగ్గర డబ్బులెందుకు అడుగుతున్నారు? ఈ రెండిటికీ సరైన జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. అయస్కాంతపు పరుపులు, కంకణాలు, నీళ్ళ సీసాలు అమ్మేవాళ్ళకీ ఈరోజు చెప్పుకున్నదానికీ ఏ సంబంధమూ లేదు. ఒంట్లో ఆ కణాలే లేనప్పుడు బయటి అయస్కాంతం దేన్ని ఆపుతుంది?

నిన్న తమ్ముడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళారట. వాంతుల మందు మార్చారు, నోటికి ఏదో ద్రవం రాశారు, రక్తపరీక్ష చూసి సోమవారం నాలుగో విడతకి రమ్మన్నారు. ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదట. "వస్తాను గానీ, ఈసారి ఏం ఎక్కిస్తున్నారో, ఎందుకు ఎక్కిస్తున్నారో ముందు నాకు చెప్పమను" అన్నారట. న్యాయమైన కోరిక. ఆవిడకి ఈ వీడియో చూపిస్తానన్నాడు. అమ్మా, చూస్తుంటే, మీకు త్వరగా నయం కావాలని కోరుకుంటున్నాం.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ యాంటీబాడీ మందుల గురించి వివరంగా చెప్పుకుందాం. అవి గుర్తుని ఎలా పట్టుకుంటాయి, ఎక్కడ పొరపడతాయి అన్నది. ప్రశ్నలుంటే కింద రాయండి. ఈ ఎపిసోడ్ అవసరం ఉన్నవాళ్ళెవరైనా మీకు తెలిస్తే వాళ్ళకి పంపండి. ఉంటాను, నమస్తే.